మట్టికి తరుగు

సూర్యాపేట
13 ఫిబ్రవరి 2025

తమ్ముడు దేవదాసుకు అక్క పుష్పాబాయి వందనాలు.

ఇంత పొడుగు ఉత్తరం ఏమిటని విసుక్కోకు. నువ్వు ఫోన్లో మాట్లాడితే నా చెవికి గుయ్యిమనడం తప్ప మాట తెలియడం లేదు. నీ దగ్గరేమో బటన్ ఫోన్. ముప్పై రెండేళ్లు పిల్లల చేత చూచిరాత రాయించినదాన్ని, చెవులు పోయినా చేతులు పోలేదు. అందుకని రాస్తున్నాను. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక గేటుకు బోర్డు కట్టించాను. నిన్న బుధవారం, అంటే నాలుగో రోజుకే, కొనేవాళ్లు వచ్చారు. ఎవరో నీకు తెలుసు, పంపింది నువ్వే కాబట్టి. మీ రైస్ మిల్లు ఓనరు జగదీశ్, వాళ్ల అమ్మ రుక్కమ్మ. జగదీశ్ కూతురు మనీషాకు సూర్యాపేటలో డాక్టరు ఉద్యోగం వచ్చిందట, కాపురానికి ఇల్లు కావాలట. సంతోషమే. కుర్చీలు తుడిచి వేశాను, స్టీలు గ్లాసుల్లో నీళ్లు తెచ్చాను. రుక్కమ్మ కూర్చోలేదు. నీళ్లు ముట్టుకోలేదు. డ్రైవరును పిలిచి కారులోంచి సీసా తెప్పించుకుని, నా ముందే, మన వరండాలో నిలబడి తాగింది. ఆమె కొడుకు బూట్లతోనే గదులన్నీ తిరిగాడు. అమ్మ ఫొటో ఉన్న గదిలోకి కూడా.

తిరిగి వచ్చి ధర చెప్పాడు. నా చెవి సంగతి నువ్వే చెప్పి ఉంటావు, వీధి వీధంతా వినపడేలా చెప్పాడు. "టీచరమ్మా, గోడలకు నేను పైసలియ్య. ఇల్లు కూలగొట్టుడే. కింద మూడడుగుల మట్టి తీపిచ్చి, కొత్త మొరం పోపియ్యాలె. గా ఖర్చు మీ ధరలకెళ్లి తగ్గిస్తున్న."

మట్టి ఎందుకు తీయాలి, పాముల పుట్టలున్నాయా అని అడిగాను. మా అమ్మకు పట్టింపు ఎక్కువ అని నవ్వాడు. కులం పేరు మాత్రం నోటితో అనలేదు. అనలేదు కాబట్టి మర్యాదస్తుడట.

మనం అడిగింది యాభై ఎనిమిది లక్షలు. అతనిచ్చేది యాభై. మొత్తం ఒకేసారి ఇస్తాడు, వారంలో రిజిస్ట్రేషన్, నెలాఖరులోగా మన జవాబు కావాలి. ఇల్లు ఇద్దరి పేరా ఉంది, ఇద్దరం సంతకం పెట్టాలి. నా తొందర నీకు తెలిసిందే. మొన్న కుక్కరు మాడి పొగ కమ్మితే గానీ నాకు తెలియలేదు. నీ మేనకోడలు కవిత కోదాడ వచ్చేయమని ఏడుస్తోంది. అక్కడ వాళ్ల వీధిలో మనం చూసిన నర్సమ్మ గారి ఇల్లు మార్చి ముప్పై ఒకటి దాకే మన కోసం ఆగుతుంది. అన్నీ తెలిసీ నాకు ఈ మనిషికి ఊ అనబుద్ధి కావడం లేదు.

నువ్వేమంటావో రాయి.

నీ అక్క
పుష్పాబాయి

*

మిర్యాలగూడ
17 ఫిబ్రవరి

అక్కకు దేవదాసు వందనాలు.

నీ ఉత్తరం అందింది. నువ్వు చిన్నదానికి పెద్దదానికి ఒకటే కోపం తెచ్చుకుంటావు. రుక్కమ్మ గారు పాతకాలం మనిషి, పెళ్లిళ్లకు పోయినా ఆ సీసా వెంట ఉంటుంది. సార్ మంచివాడు. మీ మరదలికి ఆపరేషన్ అయినప్పుడు హైదరాబాదుకు కారు ఇచ్చి పంపాడు. ఇరవై ఏడేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు.

మొదట వచ్చిన బేరం వదులుకోకూడదక్కా. ఇక్కడ కాటా దగ్గర కూర్చుని రోజూ చూస్తున్నాను. సీజన్లో ముందు వచ్చిన లారీకి ఉన్న ధర పది రోజుల తర్వాత వచ్చిన లారీకి ఉండదు. ఇంకా వస్తారు, ఇంకా వస్తారు అని రోడ్డు మీద ధాన్యం పోసుకుని కూర్చున్నవాళ్లు చివరికి వానకు తడిపి తెస్తారు. రేపు ఎండలు ముదిరితే ఇళ్లు చూడటానికి ఎవరు వస్తారు? వచ్చినవాడు బ్యాంకు లోను అంటాడు, ఆరు నెలలు తిప్పుతాడు. నీకు అంత టైము లేదు.

మట్టి సంగతి పట్టించుకోకు. నలభై ట్రాక్టర్లు తీసి నలభై ట్రాక్టర్లు పోయాలంటే ఆయనకు మాత్రం ఊరికే అవుతుందా? అమ్మేశాక అందులో ఏం చేసుకుంటే మనకేం? మనం చూడబోతామా?

సరే అని రాయి. బయానా నేను తీసుకుంటాను. కోపం తగ్గించుకో, బీపీ గోళీలు మరువకు.

తమ్ముడు
దేవదాసు

*

సూర్యాపేట
21 ఫిబ్రవరి

దేవదాసూ,

బీపీ గోళీ వేసుకునే రాస్తున్నాను.

మనకేం అన్నావు. ఆ మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోయావా, మరిచినట్టు ఉంటున్నావా? అమ్మ ఈ జాగా కొన్నప్పుడు ఇది గుంత. వీధి నీళ్లన్నీ ఇందులోకే వచ్చేవి, పందులు పడుకునేవి. అందుకే మన చేతికి వచ్చింది, మంచి జాగా అయితే మనకెవరు అమ్మేవాళ్లు? పొద్దంతా నాట్లకు పోయి వచ్చి, సాయంత్రం బుట్ట తీసుకుని బయల్దేరేది మన అమ్మ ముత్తమ్మ. ఊళ్లో ఎవరింటికి పునాది తవ్వినా పోయి ఆ మట్టి అడిగేది. వాళ్లకు ఎట్లాగూ పారబోసేది కాబట్టి ఇచ్చేవాళ్లు. రెండు వానాకాలాలు, రెండు ఎండాకాలాలు, నెత్తి మీద మోసింది. నువ్వూ నేనూ చిన్న తట్టలతో వెనక నడిచాం. ఆమె నడినెత్తిన వెంట్రుకలు మళ్లీ రాలేదు. దవాఖానలో చివరిసారి తల దువ్వినప్పుడు కూడా అక్కడ నున్నగా ఉంది, నువ్వే చూపించావు నాకు.

ఆ మూడడుగులు ఇవి. సరిగ్గా అంతే. అవి మైలపడ్డాయట, తీసి పారెయ్యాలట, ఆ పారేసే కూలి కూడా మనమే ఇవ్వాలట. ధర తక్కువ ఇస్తాననడం బేరం. ఎవరైనా ఆడతారు, నేనూ ఆడతాను. ఇది బేరం కాదు. ఊళ్లో ఇళ్లన్నిటి కిందా ఉన్న మట్టే మన ఇంటి కింద ఉంటే, అక్కడ మంచిదీ ఇక్కడ చెడ్డదీ ఎలా అయింది? మనం నడిచినందుకా?

ఇంకో మాట. నలభై ట్రాక్టర్లు అని రాశావు. జగదీశ్ నాతో ట్రాక్టర్ల లెక్క చెప్పలేదు. నేను నీకు రాయలేదు. నేను లెక్కలు కూడా చెప్పిన టీచరును, ఇప్పుడు వేసి చూశాను. నూట యాభై గజాలు, మూడడుగుల లోతు, నలభై ట్రాక్టర్లే. సరిగ్గా వేసిన లెక్క. అది నీకెలా తెలుసు?

పుష్పాబాయి

*

మిర్యాలగూడ
25 ఫిబ్రవరి

అక్కకు వందనాలు.

ట్రాక్టర్ల లెక్క అడిగావు. మిల్లులో పదిమంది పది మాటలు అనుకుంటారు, చెవిన పడుతుంది. ప్రతిదానికీ సంజాయిషీ చెప్పడానికి నేను నీ క్లాసులో పిల్లవాణ్ని కాను. నాకు యాభై తొమ్మిది వచ్చాయి.

నువ్వు ఎదుటివాళ్లను అంటావు గాని నీ సంగతి చూసుకోవు. జనవరిలో నర్సమ్మ గారి ఇల్లు చూడటానికి కోదాడ పోయినప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను. వంటిల్లు చూసి ఏమన్నావు? "ఈ పొగ గోడలు ఉంచుకుంటే మనుషులు బతుకుతారా, మొత్తం పగలగొట్టాలి, ఆ ఖర్చు తగ్గించుకోండి" అన్నావు. ఆమె ముఖం మాడిపోయింది. నువ్వు చూడలేదు, నేను చూశాను. నువ్వు అంటే బేరం, సార్ అంటే అవమానమా?

నెలాఖరు దాకా అన్న గడువు ఉగాది దాకా పెట్టమని సార్‌ను బతిమాలి ఒప్పించాను. అదైనా గుర్తుంచుకో.

దేవదాసు

*

కోదాడ
3 మార్చి

దేవదాసూ,

నీ ఉత్తరం చదివి ఒక రోజంతా నిన్ను తిట్టుకున్నాను. రెండో రోజు బస్సెక్కి కోదాడ వచ్చాను. కవిత డ్యూటీకి పోయాక ఒక్కదాన్నే నర్సమ్మ గారి ఇంటికి వెళ్లాను.

వంటింటి గురించి ఆ రోజు అన్న మాట తప్పని చెప్పాను. ఆమె వెంటనే ఫర్వాలేదు అనలేదు. చేతులు తుడుచుకుని పీట వేసి, నాకు వినపడేలా దగ్గరగా కూర్చుంది. "పాతికేళ్లు ఆ పొయ్యి మీద పదిమందికి క్యారేజీలు కట్టి పిల్లల్ని చదివించానండీ. గోడ నల్లగానే ఉంటుంది మరి. మీరన్నాక రెండు రోజులు అక్కడ వండాలంటే సిగ్గేసింది" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. టీ ఇచ్చింది, తాగాను. గడువు మాత్రం ఒక్క రోజు పెంచనంది. ఆమెకూ అవసరం ఉంది, ముప్పై ఒకటి అంటే ముప్పై ఒకటే.

కాబట్టి నువ్వన్నది నిజం. నేను అనకూడనిది అన్నాను, పోయి దిద్దుకున్నాను. అయితే రెండూ ఒకటే అంటే మాత్రం ఒప్పుకోను. నేను ఆమె గోడకు వంక పెట్టాను. నర్సమ్మ గారు నడిచిన నేల తవ్వి పారేస్తే గానీ అడుగు పెట్టనని నేను అనలేదు. గోడ ఎవరిదైనా నల్లబడుతుంది. మట్టి ఎవరిదైతే మైలపడుతుందో జగదీశ్‌కు తెలుసు, నీకూ తెలుసు.

నా తప్పు చూపించి నీ జవాబు దాటేశావు. చిన్నప్పటి నుంచీ నీకు అది అలవాటే. మళ్లీ అడుగుతున్నాను. నలభై ట్రాక్టర్ల లెక్క వేసింది ఎవరు?

సూర్యాపేటకే రాయి. బుధవారానికి ఇంట్లో ఉంటాను.

పుష్పాబాయి

*

మిర్యాలగూడ
8 మార్చి

అక్కా,

నేనే.

లెక్క వేసింది నేనే. మట్టి తీయాలన్న మాట అన్నది కూడా నేనే. జగదీశ్ సార్ కాదు, రుక్కమ్మ గారు కాదు.

నువ్వు బోర్డు కట్టిన మరునాడు ఆఫీసులో సార్‌కు మన ఇంటి సంగతి చెప్పాను. మనీషమ్మకు ఇల్లు వెతుకుతున్నారని తెలుసు, రోడ్డు దగ్గర, మంచి జాగా అన్నాను. రుక్కమ్మ గారు అక్కడే ఉన్నారు. మీ ఇల్లా అన్నారు. అంతే అన్నారు. ఆమె ముఖం కొంచెం ముడుచుకుంది, సార్ కిటికీ వైపు చూశారు. నా నోటి నుంచి దానంతట అదే వచ్చింది. "అమ్మా, మీకు పట్టింపుంటే మూడడుగుల మట్టి తీపిచ్చి కొత్తది పోస్తే అయిపోతది. గా ఖర్చు మేమే తగ్గిస్తం." కాటా చీటీ వెనక నలభై ట్రాక్టర్లని లెక్క వేసి చూపించాను. ఆమె ముఖం విప్పారింది. నాకు సంతోషమేసింది. అవునక్కా, సంతోషమేసింది.

నా పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కాటా గుమస్తా అంటే తూకం రాసేవాడని నువ్వు అనుకుంటావు. నిడమనూరు నుంచో వేములపల్లి నుంచో రైతు ధాన్యం తెస్తాడు. సార్ వచ్చి గుప్పెడు తీసి చూసి పోతారు, ఏమీ అనరు. తాలు ఉంది, మట్టి ఉంది, తడి ఉంది, బస్తాకు రెండు కిలోలు తరుగు తీయాలి అని అనేది నేను. రైతు తిట్టేది నన్ను. సార్ నోరు తెరిచే అవసరం రాకుండా, ఆయన మనసులో ఉన్నది ముందే కనిపెట్టి అనడమే నా ఉద్యోగం. ఇరవై ఏడేళ్లు నన్ను ఒక్క మాట అనలేదని రాశానే, అందుకే అనలేదు. అనవలసినవన్నీ నేనే అంటాను కాబట్టి.

అమ్మ ఇంటికి కూడా తరుగు తీశాను.

నువ్వు అనుమానిస్తున్నావేమో, నాకు ఇందులో కమీషన్ ఏమీ లేదు. ఉంటే బాగుండేది. నన్ను దొంగ అని తిట్టేదానివి, అదయినా ఒక పేరున్న తప్పు.

ఏం చేయాలో నువ్వే చెప్పు.

దేవదాసు

*

సూర్యాపేట
12 మార్చి

దేవదాసూ,

నీ ఉత్తరం మీద గిన్నె బోర్లించి రెండు రోజులు దాని మొహం చూడలేదు. నెల రోజులుగా ఆ జగదీశ్‌ను తిట్టని పూట లేదు. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎవరి మీద పోయాలి? నువ్వు నా పక్కన తట్ట మోసినవాడివి. వాళ్లు అనడానికి సిగ్గుపడిన మాట నువ్వు అన్నావు. వాళ్లు అడగకముందే ఇచ్చావు. నాకు ఏడుపు రావాలి, రావడం లేదు, ఒళ్లు మండుతోంది.

అలా అని వాళ్లను వదిలేశాననుకోకు. నువ్వు అంటే మాత్రం, కాదు అలా వద్దు అనడానికి వాళ్లకు నోరు లేదా? సరే అని కారెక్కి వచ్చి, నీ మాటను వీధిలో నిలబడి నా మీదకు అరిచాడు.

ఏం చేయాలని అడిగావు. నోటితో అన్నదాన్ని నోటితోనే వెనక్కి తీసుకో. ఉత్తరం రాయొద్దు, మనిషితో చెప్పించొద్దు. ఆ ఆఫీసులోనే, ఆ రుక్కమ్మ ముందే. ఒక సంగతి నీకు తెలియదు, నువ్వు అప్పటికి మరీ చిన్నవాడివి. రుక్కమ్మది పుట్టిల్లు సూర్యాపేటే. వాళ్ల అన్న బంగళాకు పునాది తవ్వినప్పుడు అమ్మ ఎనిమిది రోజులు అక్కడి నుంచి మట్టి మోసింది. మన ముందు గది కింద ఉన్నదంతా అదే. చెప్పు ఆమెకు, తీసి పారేసేది ఎవరింటి మట్టో.

పుష్పాబాయి

*

మిర్యాలగూడ
19 మార్చి

అక్కకు వందనాలు.

చెప్పాను.

మూడు రోజులు ఆఫీసు గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాను. నిన్న మంగళవారం బేరాలు అయ్యాక మధ్యాహ్నం లోపలికి పోయాను. సార్ ఫోన్లో ఉన్నారు, రుక్కమ్మ గారు గోళీలు వేసుకుంటున్నారు. ఎప్పటిలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఫోన్ అయ్యాక అన్నాను. "సార్, మట్టి తీయాలన్న మాట నాది. నేను తప్పన్న. గా మట్టి మా అమ్మ నెత్తిమీద మోసింది. దానికి తరుగు లేదు."

సార్‌కు అర్థం కాలేదు. నేను ఇంతవరకు ఆ గదిలో తరుగు లేదన్న మాట అనలేదు కదా. తర్వాత రుక్కమ్మ గారి వైపు తిరిగి వాళ్ల అన్న ఇంటి పునాది సంగతి చెప్పాను. ఆమె కోపం తెచ్చుకోలేదు, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు చూసింది. "బుట్టలు మోసిన ముత్తమ్మ కొడుకువా నువ్వు? మా వదినె చూడకుంట దోసిట్ల నీళ్లు పోసేదాన్ని. పాపం, ఎండలు మస్తుండె" అంది.

దయగానే అంది అక్కా. తాను చేసిన మేలు చెప్పుకున్నట్టే అంది. ఎత్తి పోస్తే దోసిట్లో తాగింది మన అమ్మ. యాభై ఏళ్ల తర్వాత ఆమే మన ఇంటికి సీసా తెచ్చుకుంది. అప్పుడు తెలిసింది నాకు, నువ్వు మొదటి ఉత్తరంలో ఎందుకు అంత మండిపడ్డావో.

సార్ నవ్వేశారు. "సరే దేవదాస్, తరుగు వద్దంటే వద్దు. అడిగిన యాభై ఎనిమిదే ఇస్త. రేపు బయానా తీస్కో, ఇగ ఖుషేనా?" అన్నారు. మట్టి తీయరు కదా సార్ అని అడిగాను. "రిజిస్ట్రేషన్ అయినంక జాగ నాది. తీస్తనో ఉంచుతనో నీకెందుకు?" అన్నారు.

అక్కా, పూర్తి ధర వచ్చింది. బోర్డు కట్టి ఆరు వారాలు కాలేదు. ముప్పై ఒకటిలోగా నర్సమ్మ గారికి బయానా ఇవ్వొచ్చు, నువ్వు కవిత పక్కన ఉండొచ్చు. మళ్లీ ఇలాంటి బేరం రాకపోవచ్చు. ఈసారి నేను ఏమీ అనను. నువ్వు ఏది రాస్తే అది చెబుతాను.

దేవదాసు

*

సూర్యాపేట
23 మార్చి

తమ్ముడూ,

నువ్వు చెప్పావు. అది చదివి ఆ ఒక్క చోట మాత్రం కోపం పోయింది.

యాభై ఎనిమిది చూసి నేను ఆశపడలేదనుకోకు. రాత్రి అన్నం తింటూ లెక్కలు వేసుకున్నాను. నర్సమ్మ గారి ఇల్లు, వంటింటికి కొత్త గోడ, నీ వంతు నీకు, కవిత ఇంటికి పది అడుగుల దూరం. అన్నీ సరిపోయాయి. అతనన్నది కూడా నిజమే, అమ్మేశాక అది అతని మట్టే. తవ్వొద్దని నేను ఏ కోర్టుకూ పోలేను. చట్టం అతని వైపే ఉంది. అందుకే అమ్మకముందే, నా చేతిలో ఉన్న ఒకే ఒక్క హక్కు వాడుకుంటున్నాను. అతనికి అమ్మను.

అమ్మ ఎనిమిది రోజులు మోస్తే దోసిట్లో నీళ్లు పోసిందట. ఆ నీళ్లకు ఇప్పుడు ఇల్లు కూడా ఇచ్చుకోవాలా?

నర్సమ్మ గారికి నా కోసం ఆగొద్దని రాస్తున్నాను. ఆ ఇల్లు పోతుంది. పోనీ. నా మొండితనానికి ఖరీదు నేను కడతాను, అందులో సగం నీకు కూడా పడుతుంది కాబట్టి నీ మాట కావాలి. నువ్వు వాళ్ల ఉప్పు తింటున్నవాడివి. వద్దని చెబితే నీ ఉద్యోగానికి చేటు అనిపిస్తే దాచకుండా రాయి, ఆలోచిస్తాను.

నీ అక్క
పుష్పాబాయి

*

మిర్యాలగూడ
28 మార్చి

అక్కకు వందనాలు.

నా సంతకం నీ దగ్గర ఉన్నట్టే అనుకో. నీ ఉత్తరం అందిన రోజే సార్‌తో ఇల్లు మీకు అమ్మడం లేదని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అనరు కదా. మరునాడు పొద్దున నా కుర్చీలో వేరేవాడు కూర్చుని ఉన్నాడు. నన్ను గోడౌన్‌కు మార్చారు. బస్తాలు లెక్కపెట్టే పని. జీతం రెండు వేలు తగ్గింది.

మీ మరదలు ముందు గొణిగింది. నేను ఇంటికి వచ్చి ఎవరినీ తిట్టకుండా అన్నం తింటున్నానని ఇప్పుడు ఊరుకుంది. గోడౌన్‌లో తరుగు తీసే పని లేదు.

దేవదాసు

*

సూర్యాపేట
22 జూన్

తమ్ముడు దేవదాసుకు అక్క ఆశీస్సులు.

నర్సమ్మ గారి ఇంట్లో ఎవరో ఎరువుల షాపు ఆయన దిగాడని కవిత చెప్పింది. వంటింటి గోడ నల్లగానే ఉంచుకున్నారట. నాకు అదే వీధి చివర రెండు గదులు కిరాయికి మాట్లాడింది. మేడ మీద. మోకాళ్లు ఒప్పుకోవు గాని ఒప్పిస్తాను.

ఈ మూడు నెలల్లో వచ్చినవాళ్ల గురించి రాస్తే నీకు నవ్వొస్తుంది. ఒకాయన నలభై రెండు అన్నాడు. ఇంకొకాయన వాకిలి ఉత్తరానికి లేదని గేటు బయటి నుంచే పోయాడు. నీ లారీ లెక్క ప్రకారం నా ధాన్యం తడిసిందనే అనుకున్నాను. ఒప్పుకోవడానికేం, రెండు మూడు సార్లు భయం కూడా వేసింది.

పోయిన వారం మృగశిర వాన పడ్డ మరునాడు ఇద్దరు వచ్చారు. దేవేందర్ అని ఆర్టీసీ కండక్టరు, అతని భార్య కమలాబాయి. చెప్పులు గేటు దగ్గరే విప్పారు. నీళ్లిస్తే ఆమె రెండు గ్లాసులు తాగి మూడోది అడిగింది. పెద్ద పరీక్ష నెగ్గినట్టు నేను ఆమె వైపే చూస్తుంటే ఏమైంది టీచరమ్మా అంది. ఏమీ లేదన్నాను. వాళ్లు యాభై రెండు అన్నారు, నేను యాభై ఏడు అన్నాను, గంటసేపు బేరమాడుకున్నాం. మన వంటిల్లు ఇరుకు, గోడ జరపాలి అంది. నాకు కోపం రాలేదు, నిజంగానే ఇరుకు. యాభై నాలుగు దగ్గర తెగింది. జగదీశ్ ఇస్తానన్న దానికి నాలుగు లక్షలు తక్కువ. నీ వంతు రెండు, నా వంతు రెండు. లోను కూడా మంజూరైంది, నువ్వు భయపెట్టినట్టు ఆరు నెలలు పట్టలేదు, నాలుగు రోజుల్లో బ్యాంకు వాళ్లే ఊ అన్నారు.

గురువారం పదకొండు గంటలకు రిజిస్ట్రేషన్. నువ్వు రావాలి. చేతులు కట్టుకుని వెనక నిలబడతావేమో, చెబుతున్నాను, నా పక్క కుర్చీలో కూర్చోవాలి.

ఇంకొకటి ఉంది. పోయే ముందు కమలాబాయి వాకిట్లో ఆగి నేల కేసి చూసింది. రాత్రంతా వాన కురిసినా ఎక్కడా చుక్క నిలవలేదు. వీధంతా బురద, మన వాకిలి ఒక్కటే ఆరిపోయి ఉంది. "గింత వానకు నీళ్లు నిలవలే, ఎట్ల టీచరమ్మా?" అని అడిగింది.

చెప్పబోయి ఆగిపోయాను. గురువారం మా తమ్ముడు వస్తాడు, అతన్ని అడుగు అన్నాను. ఈ మట్టి గురించి మొదట నోరు తెరిచింది నువ్వే. సరిగ్గా చెప్పడం కూడా నువ్వే చెయ్యి.

నీ అక్క
పుష్పాబాయి